కేరాఫ్ టమోటా గింజ

మహారాజశ్రీ రిన్ గారి సముఖమునకు,
టమోటా గింజ, 5వ క్రోమోజోము.
ప్రతులు: ఇజె2 గారికి, 3వ క్రోమోజోము. లిన్ గారికి, 4వ క్రోమోజోము. జె2 గారికి, 12వ క్రోమోజోము.

కోలారు జిల్లా బేతమంగల పక్కన రెండెకరాల మెట్ట, 1,200 అడుగుల బోరు, ఒక మాజీ సైన్సు మాస్టరు పింఛను మాత్రమే ఆస్తిగా కలిగిన రైతు నమస్కరించి చేసుకొను విన్నపములు.

ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం వేరే రాయించి తెలుసుకోనక్కర లేదు. ఈ తెల్లవారుజామున టార్చిలైటు పట్టుకుని తోటలోకి పోతే కళ్ళారా కనబడింది. పోయిన సోమవారం పచ్చిగా ఉన్న కాయలు బుధవారానికి అడుగున గోరంత దోర తిరిగాయి, ఈ పొద్దుటికి సాళ్ళన్నీ ఎర్రబడి కూర్చున్నాయి. ఆరువేల మొక్కలు, ఒక్కటీ వెనకబడలేదు. ఇంత ఐకమత్యం మా ఊరి పంచాయితీలో నేనెన్నడూ చూడలేదు. మండీలో నిన్నటి ధర చెప్పి తమరి మనసు కష్టపెట్టను. కోత కూలి, బాక్సుల బాడుగ, లారీ ఖర్చు, కమీషను పోను నేనే కొంచెం ఎదురివ్వాల్సి వస్తుంది, అంతే.

ఉత్తరం రాస్తే ప్రొటీను చదువుతుందా అని మా ఆవిడ నవ్వింది. చదవకేం? పుట్టిన దగ్గర్నుంచి తమరు చేసేది అదే కదా. తమరిని ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్ అంటారు. డీఎన్‌ఏ అనే పొడుగాటి దస్తావేజును తడుముకుంటూ పోయి, తెలిసిన మాట తగిలిన చోట ఆగి, పక్కనున్న జన్యువుకు నకలు తీయించే గుమాస్తా ఉద్యోగం. కాకపోతే తమరికి వచ్చిన మాట ఒక్కటే. పది అక్షరాలది. మొదట రెండు సీలు, నడుమ ఎ గానీ టి గానీ కలిపి ఆరు, చివర రెండు జీలు. సంతకం ఒక్కటే నేర్చుకుని ఊరేలిన పెద్దమనుషుల్ని నేనెరుగుదును కాబట్టి తమరి చదువును తక్కువ చేయను. పది అక్షరాలు దాటిన భాగం ఎవరైనా చదివి వినిపిస్తారనే దీన్ని బహిరంగంగా రాస్తున్నాను.

ముందు నా వైపు లెక్క చెప్పుకుంటాను. చేసింది చెప్పుకోవడం మర్యాద కాదు, అయినా చెబుతాను. తమరి కాళ్ళ కింద కలుపు రాకుండా మల్చింగ్ షీటు పరిచాను. నీళ్ళు చుక్క చుక్కగా నోటి దగ్గరకే అందేలా డ్రిప్పు వేశాను. నడుం వంగకుండా నీలగిరి కర్రలు పాతి, మూడు వరసల దారం కట్టించాను. ఆకుముడత వచ్చిందంటే ఇంట్లో మనిషికి జ్వరం వచ్చినట్టు పరుగెత్తాను. తాగే నీళ్ళ సంగతి తమరికి తెలియదు, మా జిల్లాలో నది అంటూ ఏడాదంతా పారేది లేదు. పాలారు పేరుకే ఏరు. 2018 నుంచి బెంగళూరు వాడి వదిలిన నీళ్ళను శుద్ధి చేసి మా చెరువులకు పంపుతున్నారు, కేసీ వ్యాలీ నీళ్ళంటాం. రెండు దశల శుద్ధి చాలదు, మూడోది చేయాలని మావాళ్ళు కోర్టుదాకా పోయారు. అంత కొట్లాడి ఊరబెట్టిన నీళ్ళు తమరు ఎవర్నీ అడక్కుండా తాగేశారు. తాగండి. దానికి కాదు నా ఏడుపు.

2023 జూలై తమరికి గుర్తుండాలి. కోలారు మార్కెట్లో 15 కిలోల బాక్సు 2,000 రూపాయలు దాటింది. మా బేతమంగల వైపే ఒక కుటుంబం 2,000 బాక్సులు అమ్మి 38 లక్షలు ఇంటికి తెచ్చుకుందని పేపర్లలో పడింది. జనం రాత్రిళ్ళు తోటల్లో మంచాలు వేసుకుని కాపలా పడుకున్నారు. ఆ నెలంతా నా తోటలో తమరు నిద్రపోయారు. కాయకు సైజు వచ్చింది, నిగారింపు వచ్చింది, రంగు మాత్రం రాలేదు. పచ్చివి, గాజుగోళీల్లా గట్టిగా, గెలగెలకూ వేలాడాయి. రోజుకు మూడుసార్లు పోయి ఒక్కో కాయనూ తిప్పి అడుగు చూసేవాణ్ణి, పసిపిల్లకు పన్ను వచ్చిందేమోనని చిగురు తడిమినట్టు. ధర దిగడం మొదలైన వారమే తమరికి మెలకువ వచ్చింది. వచ్చాక ఆగలేదు. ఎథిలీను పుట్టించే జన్యువును లేపారు, రంగు పోసే జన్యువును లేపారు, కాయ గోడల్ని మెత్తబరిచే జన్యువును లేపారు. సెప్టెంబరులో నేను మండీకి తీసుకుపోయిన బాక్సుల వంక వేలంలో ఎవరూ కన్నెత్తలేదు. నాటిన తేదీ నీది కదా అంటారు. నాదే. ఆ సంగతి మనలో మన మాట.

ఇక తమరి బిరుదు గురించి. 1968లో రాబిన్సన్, టోమ్స్ అనే ఇద్దరు అమెరికాలో ఒక వింత టమోటా గురించి రాశారు. పండదు. నెలలు గడిచినా నిమ్మపండు రంగు దాటదు, మెత్తబడదు. పండడాన్ని ఆపేదని ఇంగ్లీషులో పెట్టిన పేరులోంచే ఆ మూడక్షరాల 'రిన్' వచ్చింది. 2002లో సైన్స్ పత్రికలో తమరి జన్యువు అచ్చయింది. తమరు చెడిపోతే కాయ పండదు కనుక తమరే పండుకు అధిపతి అని పండితులంతా తీర్మానించారు. నేనూ నమ్మాను. పదో తరగతి పిల్లలకు చెప్పాను కూడా, సిలబస్‌లో లేకపోయినా. 2017లో జపాన్‌లో ఇటో గారి బృందం క్రిస్పర్ కత్తెరతో తమరిని శుభ్రంగా కత్తిరించి చూసింది. అధిపతి లేని కాయ పచ్చిగా ఉండిపోవాలి. ఉండలేదు! పూర్తిగా ఎర్రబడలేదు గానీ, రంగు తిరగడం తనంతట తాను మొదలుపెట్టింది. దాదాపు అర్ధ శతాబ్దం లోకం తమరికి లేని పెద్దరికం కట్టబెడుతుంటే తమరు ఒక్క మాట అనలేదు.

మరి 1968 నాటి కాయ ఎందుకు పండలేదంటే, ఆ కథ మా వీధిలో జరిగినట్టే ఉంటుంది. తమరి పక్కిల్లు ఎంసీ గారిది. మీ వంశపువారే గానీ వేరే శాఖ, పూవు కింది ఆకుపచ్చ తొడిమ రేకుల్ని అదుపులో ఉంచడం ఆయన పని. ఎప్పుడో మీ ఇద్దరి నడుమ గోడ కూలింది, డీఎన్‌ఏలో ఆ ముక్క లేకుండా పోయింది. రెండిళ్ళు కలిసిపోయి, తల తమరిదీ తోక ఎంసీదీ అయిన ఒక ప్రొటీను పుట్టింది. ఆ తోకకు జన్యువుల్ని నొక్కిపెట్టే గుణం ఉంది. అది తమరి చోట కూర్చుంది, తమరు చదివే మాటే చదివింది, చదివి 'రాయొద్దు' అంది. అంటే పనివాడు రాకపోవడం కాదు, పనివాడి చొక్కా తొడుక్కుని వేరొకడు వచ్చి తాళం వేసుకుని కూర్చోవడం. రెండింటికీ తేడా తెలియడానికి 49 ఏళ్ళు పట్టింది.

ఆ చెడు నకలును సగం పాలు కలిపిన హైబ్రిడ్లను వ్యాపారం చాలాకాలంగా వాడుకుంటూనే ఉంది. కాయ ఆలస్యంగా పండుతుంది, రెండు వేల కిలోమీటర్లు లారీలో కుదిపినా చెక్కుచెదరదు. రుచికి మాత్రం దణ్ణం పెట్టుకోవాలి. అలాంటి కాయ ఒకటి మా ఆవిడ రాగిముద్దలోకి బస్సారు పులుసు పెడుతూ చిదమబోయింది. అది చేతిలోంచి జారి, గిన్నె అంచుకు తగిలి, నేల మీద రెండు గంతులు వేసి, కుక్క ముందు ఆగింది. కుక్క వాసన చూసి తల తిప్పుకుంది.

ఇక్కడినుంచి 'తమరు' అనడం నా వల్ల కాదు. 'మీరు'తో సరిపెట్టుకోండి.

జె2 గారూ, ఇప్పుడు మీ వంతు. టమోటా కాడకు మధ్యలో ఒక కణుపు ఉంటుంది. పండును లాగితే అక్కడే పుటుక్కున విరుగుతుంది, తొడిమతో పాటు బెత్తెడులో సగం కాడ కాయకు అంటుకుని వస్తుంది. ఆ కణుపును కట్టేది మీరూ, మీ వంశంలోనే దూరపు శాఖల జాయింట్‌లెస్ గారూ, పైన చెప్పిన ఎంసీ గారూ కలిసి. బాక్సులో కాయ మీద కాయ పడితే ఆ ఎండిన కాడ పక్కదాని బుగ్గలో శూలంలా దిగుతుంది. మీ చలువ వల్ల ఒక్కో బాక్సులో రెండు మూడు కాయలు చెమ్మ పట్టి, పక్కవాటిని కూడా పాడు చేస్తాయి. కోతకు వచ్చే ఆడవాళ్ళు ఒక చేత్తో కోసి, బొటనవేలి గోటితో ఆ కాడ గిల్లి, అప్పుడు బుట్టలో వేస్తారు. సాయంత్రానికి వాళ్ళ బొటనవేలు ఆకుపచ్చగా, ఆ పసరు సబ్బుకు పోదు.

మీరు లేని టమోటా కూడా లోకంలో ఉంది. గలాపగోస్ దీవుల్లో ఛార్లెస్ రిక్ అనే టమోటా పండితుడికి 1950ల్లో దొరికింది. ఆ దీవుల గింజలు మొలకెత్తమంటే మొలకెత్తవు, పెద్ద తాబేలు తిని, దాని కడుపులోంచి బయటపడ్డాక మొలిచాయట. తాబేలు పేడలో గింజలు ఏరుకున్న ఆయన ఓపికకు నా నమస్కారం. ఆ మొక్కలో జె2 గారు చెడిపోయారు, కణుపు లేదు. కాయ తొడిమను చెట్టుకే వదిలి నున్నగా చేతిలోకి వస్తుంది. యంత్రాలతో కోసేవాళ్ళకు పండగ అయింది. వెంటనే మంచి కాయ కాసే తోట రకాలతో సంకరం చేశారు.

అక్కడ తగలబడింది. సంకరంలో కొన్ని మొక్కలకు పూలగెల చీలిపోయి, చీలినది మళ్ళీ చీలి, చీపురుకట్టలా అయింది. పూలు వందలు, కాయలు నాలుగు. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. అమెరికాలో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో లిప్‌మన్ గారి బృందం 2017లో సెల్ పత్రికలో దాని గుట్టు విప్పింది. ఇజె2 గారూ, మీరు తలవంచుకోండి. మనిషి టమోటాను మచ్చిక చేసుకున్న తొలి రోజుల్లోనే మీ జన్యువులో ఒక అడ్డుముక్క దూరి, మీరు సగం పనివారయ్యారు. ఫలితం, తొడిమ రేకులు కాస్త పొడుగు. అంతే. మీ అన్నగారు జె2 పక్కనే ఉండి మిగతా పని లాక్కొచ్చారు కనుక వేల ఏళ్ళు ఎవరికీ అనుమానం రాలేదు. గలాపగోస్ నుంచి తెచ్చిన చెడిన జె2, తోటలో ఎప్పటినుంచో ఉన్న సగం ఇజె2, ఒకే మొక్కలో కలిసినప్పుడు గాని మీ ఇద్దరి గుట్టూ బయటపడలేదు.

ఇది నాకు కొత్త కాదు. మా నాయన, మా చిన్నాయన కేజీఎఫ్ బంగారు గనుల్లో పనివాళ్ళు. ఏడాదిన్నర తేడా, అచ్చుగుద్దిన ముఖాలు. నాయనది భూమి లోపల రాయి తొలిచే పని, చిన్నాయనది పైన మిల్లులో రాయి పొడి కొట్టే చోట. రెండు పనులూ ఇద్దరికీ వచ్చు. ఎవరు దిగాలి, ఎవరు పైన ఉండాలి అన్నది వాళ్ళ చేతుల్లో లేదు, గేటు దగ్గర పలక మీద సుద్దతో రాసిన షిఫ్టులో ఉండేది. గని కూత వినబడితే మా అవ్వ ఇద్దరిలో ఒకణ్ణి లేపేది, రెండోవాడు గుర్రు పెడుతుండేవాడు. ఒకసారి నాయనకు వారం రోజులు చలిజ్వరం. చిన్నాయన ఆయన టోపీ పెట్టుకుని గనిలోకి దించే కేజ్‌లో దిగాడు. మేస్త్రీ గుర్తుపట్టలేదు, పట్టినా పట్టనట్టు ఊరుకున్నాడో. ఇంటికి జీతం జీతంలాగే వచ్చింది, నాయన లేని లోటు ఎక్కడా కనబడలేదు. ఆ మరుసటేడు అన్నదమ్ములిద్దరూ కుప్పంలో ఒక పెళ్ళికని చెప్పాపెట్టకుండా ఒకేసారి పోయారు. మూడోరోజు మేస్త్రీ మా గుడిసె ముందుకు వచ్చి అరిచిన అరుపులు అవ్వ చనిపోయేదాకా అనుకరించి చూపేది.

లిన్ గారు ఈ ఇద్దరికీ తోడు. ఒంటరిగా ఆయన లేకపోతే గెల కొంచెం పొడుగవుతుంది. ముగ్గురూ లేకపోతే మొక్క పూవు పూయడమే మరిచిపోతుంది, కొమ్మ మీద కొమ్మ వేసుకుంటూ పోతుంది. అది ప్రయోగశాల ముచ్చట, నా తోటలో ఇంకా చేయలేదు. ఆలోచన ఉంటే మానుకోండి.

ఇంతకీ మీ నలుగురిదీ ఒకే కొమ్మ. డీఎన్‌ఏను పట్టుకునే చేయి నలుగురికీ దాదాపు ఒకటే, చదివే పది అక్షరాలూ అవే. అలాంటప్పుడు ఒకరు పూలగెల దగ్గర, ఒకరు కాడ కణుపు దగ్గర, ఒకరు పండులో ఎలా తేలారు? మా చిన్నమ్మాయి బెంగళూరులో జన్యుశాస్త్రం చదివింది, ఫోనులో అడిగాను.

"ముఖం చూసి అడుగుతున్నావు నాన్నా. పలక చూడు" అంది.

పలక అంటే జన్యువు ముందుండే డీఎన్‌ఏ. ఏ కణంలో, ఏ రోజున ఆ జన్యువు లేవాలో అక్కడ రాసి ఉంటుంది. జె2, ఇజె2, లిన్ పలకల మీద పూలగెల మొగ్గ వేసే వేళ రాసి ఉంది, కాబట్టి ముగ్గురూ అక్కడ ఒకరి పని ఒకరు అందుకోగలరు. రిన్ గారి పలక మీద పండే రోజు రాసి ఉంది. పూలగెల కట్టేటప్పుడు ఆయన గుర్రు పెడుతుంటారు, అందుకే తమ్ముళ్ళు మునిగిపోతున్నా ఆదుకోలేదు. చేయి మారలేదు, కూత మారింది.

అది సగం జవాబే. మీరెవరూ ఒంటరిగా పనిచేయరు. నలుగురు బోయీలు కలిస్తేనే పల్లకీ లేస్తుంది, మీరూ నలుగురేసి జట్టు కట్టి, డీఎన్‌ఏను రెండు చోట్ల పట్టుకుని నడుమ వంచి లేపుతారు. పల్లకీ ఎవరింటికి పోతుందన్నది మిగతా బోయీలు ఎవరన్న దాన్ని బట్టి ఉంటుంది. జె2 గారు జాయింట్‌లెస్, ఎంసీ గార్లతో భుజం కలిపితే కాడకు కణుపు పడుతుంది. రిన్ గారు ఫుల్1, ఫుల్2, ట్యాగిల్1 గార్లతో నడిస్తే పండు ఎర్రబడుతుంది. ఆ ట్యాగిల్1కూ ఒక తోబుట్టువు ఉంది, ట్యాగ్1. అది పూవులో కేసరాలూ అండకోశమూ చూసుకుంటే, ఇది కాయ కండ, రంగు పంచుకుంది. ఎన్ని ఇళ్ళు వెతికినా ఇదే పద్ధతి. నాయనా చిన్నాయనల్లో ఎవరు మంచివాడని ఊళ్ళో ఎవరిని అడిగినా, ఎవరితో తిరుగుతున్నప్పుడు అని ఎదురడిగేవాళ్ళు.

మీ వంశం ఇంత పెరగడానికి మూలం కూడా మాకు తెలిసిన భాగోతమే, పంపకాలు. టమోటా, ఆలుగడ్డల పూర్వీకుడికి కోట్ల ఏళ్ళ కిందట ఆస్తి మొత్తం మూడింతలైంది, ప్రతి దస్తావేజుకూ మూడేసి నకళ్ళు. ఒకడు చేసే పనికి ముగ్గురుంటే ఏమవుతుందో పెద్ద కుటుంబంలో పుట్టినవాడికి చెప్పనక్కర లేదు. ఎక్కువమంది పని లేక చెడి, కనబడకుండా పోతారు. కొందరు తాత పనిని వాటాలు వేసుకుంటారు, పొద్దున నువ్వు, సాయంత్రం నేను. ఎక్కడో ఒకడు తాతకు తెలియని కొత్త పని పట్టుకుంటాడు. పండు రంగు, కండ నడిపే జన్యువులు కొత్త పనుల్లోకి దిగడానికి ఆ మూడింతలే పునాది వేసిందని 2012 మే నెలలో నేచర్ పత్రికలో టమోటా మొత్తం డీఎన్‌ఏను అచ్చువేసిన శాస్త్రవేత్తలు రాశారు. 12 క్రోమోజోములనూ దేశాలు పంచుకుని చదివితే 5వది మన దేశం వాటాకు వచ్చింది, ఢిల్లీలో చదివారు. రిన్ గారూ, మీ ఇంటి నంబరే అది. ఇంత దేశం మీ గడప దాకా వచ్చి అక్షరం అక్షరం కూడబలుక్కుని పోయినా మీరు పలకరించలేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో టమోటా జన్యు వనరులకు ఒక భాండాగారమే పెట్టారు, అక్కడైనా మాట్లాడారో లేదో.

ఇజె2 గారి విషయంలో ఒక మంచిమాట కూడా ఉంది, దాచడం ధర్మం కాదు. కొన్ని సంకరాల్లో గెల చీపురుకట్ట కాలేదు. కారణం 2019లో తేలింది. ఆ మొక్కల్లో సగం పనివాడైన ఇజె2 జన్యువు రెండేసి నకళ్ళుగా ఉంది. సగం, సగం కలిసి ఒకటి. విత్తనం ఎంచేవాళ్ళు డీఎన్‌ఏ చూడలేదు, గెల బాగున్న మొక్కను ఉంచుకున్నారు, బాగులేనిది పీకేశారు. అలా ఎన్ని తరాలో పీకగా పీకగా ఆ జంట నకలు మిగిలింది. కొత్త పనివాడు పుట్టడానికి మొదటి మెట్టు జంట నకలే కాబట్టి, ఇజె2 గారూ, మీ ఇంట్లో మళ్ళీ పంపకాలు మొదలైనట్టే. నా మనవళ్ళ మనవళ్ళకు ముందస్తు సానుభూతి.

ఒక ఇంటి గుట్టు కూడా చెప్పి ఊరుకుంటాను. మీ వంశానికి మ్యాడ్స్ అని పేరు. నాలుగు అక్షరాలూ నలుగురు మూలపురుషులవి: ఈస్టులో ఒకడు, ఆవజాతి కలుపుమొక్కలో ఒకడు, స్నాప్‌డ్రాగన్ పూవులో ఒకడు, నాలుగోవాడు మనిషిలో. ఆ చివరి 'ఎస్' నాదన్నమాట. ఎస్ఆర్ఎఫ్ అంటారు, కండరాల జన్యువుల్ని నడుపుతుంది, గుండెలో కూడా. అది చదివేదీ మీ పది అక్షరాల మాటలాంటిదే. మొన్న డాక్టరు నా ఛాతీ మీద తీగలు అంటించి గీతలు తీసి, "టెన్షన్ తగ్గించుకోండి మాస్టారూ, టమోటా వేయడం మానేయండి" అన్నాడు. బయట మీరు, లోపల మీ జ్ఞాతి. ఇద్దరూ కలిసి నన్ను మండీకి తిప్పుతున్నారని ఆయనకు ఎలా చెప్పేది?

మా నాయన దిగిన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. మా నాయన చివరి రోజుల్లో కూడా తెల్లారి నాలుగింటికి ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. కూత లేదు, పలక లేదు, దిగడానికి కేజ్ లేదు. రాబర్ట్‌సన్‌పేట వైపు సయనైడ్ దిబ్బల మీంచి గాలికి తెల్లటి పొడి లేచేది, అంతే. చేతులు మాత్రం పని మరవలేదు, మంచం పట్టెను రాత్రంతా వేలితో తొలుస్తుండేవాడు.

ఇక రిన్ గారికి నా కోరికలు ఇవి. ఒకటి, దోర తిరగడానికీ ఎర్రబడడానికీ నడుమ నాకు నాలుగు రోజులు అదనంగా ఇప్పించండి, రుచిలో కోత లేకుండా. రెండు, ఆరువేల మొక్కల్నీ ఒకేసారి లేపకుండా సాలుకో షిఫ్టు వేయండి. జె2 గారు కాడ ఉంచితే ఉంచారు, మొన మాత్రం వంచి పెట్టమనండి. ఇజె2, లిన్ గార్లకు ఏ కోరికా లేదు, ఎక్కడున్నవారు అక్కడే ఉండండి.

మీ కొత్త నారు బుధవారం నర్సరీ నుంచి వస్తోంది. ట్రేల్లో జానెడు మొక్కలు, ప్రతి ఆకు ప్రతి కణంలోనూ మీరున్నారు, పని లేక నోరు మూసుకుని. కోతకు ఇంకా డెబ్బై రోజులుంది. ఆలోచించుకుని జవాబు ఇప్పించగలరు.

ఇట్లు,
మీ బోరు బిల్లులు కట్టువాడు,
బేతమంగల.

తా.క. ఈ ఉత్తరం అంటిస్తుండగా మా ఆవిడ మండీకి పంపని నాలుగు బాక్సుల కాయలూ కోసి, ఉప్పు చల్లి, మిద్దె మీద ఎండబెట్టింది. రేపు కారం, మెంతిపిండి, చింతపండు, కాచిన నూనె. ఆ జాడీలో మీ ఉత్తరువులు చెల్లవు.